వెండి రంగు వేసినంత మాత్రాన పాల్ స్మార్ట్ డుకాటి అయిపోదు

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాను. కాలేజీ రోజుల నుంచీ ఇటలీ మోటారు సైకిళ్లంటే ప్రాణం. ఇన్నాళ్లకు చేతిలో కాస్త డబ్బు ఆడుతోంది. ప్రపంచం మొత్తానికి రెండు వేలే తయారైన డుకాటి పాల్ స్మార్ట్ 1000 ఎల్‌ఈ (లిమిటెడ్ ఎడిషన్) ఒకటి బెంగళూరులో అమ్మకానికి ఉందని ఒక మధ్యవర్తి చెప్పారు. 18 లక్షలు అడుగుతున్నారు. ఫొటోల్లో వెండి రంగు బాడీ, సముద్రపు పచ్చ ఫ్రేము, హ్యాండిల్ దగ్గర సంఖ్య చెక్కిన పలక కనిపిస్తున్నాయి. ఆర్‌సీ ఉందట, మిగిలిన కాగితాలు పాత యజమాని దగ్గర ఉన్నాయట. మిలాన్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి అక్కడ ఇంకొక బండి చూశాడు, అది ఇంకా బాగుందంటున్నాడు. దాన్ని కంటైనర్‌లో మన పోర్టుకు తెప్పించుకోవచ్చా? బెంగళూరు బండి అసలైనదో కాదో తెలుసుకునేది ఎలా?

సమాధానం: మిలాన్ బండి సంగతి ముందుగా తేల్చేద్దాం, అది తేలిక కాబట్టి. అది రాదు. వాడిన వాహనాన్ని దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు మించకూడదని మన విదేశీ వాణిజ్య నిబంధన. పాల్ స్మార్ట్ 2006 నాటి మోడల్. పైగా వాడిన వాహనాలు ముంబై రేవు గుండానే రావాలన్నది మరో షరతు కనుక, విశాఖ రేవులో రోజూ ఎన్ని కంటైనర్లు దిగుతున్నా మీకు ఒరిగేది లేదు. యాభై ఏళ్లు నిండిన పాతకాలపు వాహనాలకు వేరే వెసులుబాటు ఉంది గాని, ఆ లెక్కన ఈ బండి 2056 దాకా ఆగాలి. ఫ్రేము, ఇంజిన్ విడదీసి విడిభాగాల పేరుతో తెప్పించి ఇక్కడ బిగించుకోవచ్చునని మీకు ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. ఆ దారిన వచ్చిన ఫ్రేముకు చట్టప్రకారం రిజిస్ట్రేషన్ దొరకదు, కస్టమ్స్ వారి కంట పడితే బండి పోయి కేసు మిగులుతుంది. కాబట్టి అబ్బాయిని అక్కడ బయానా ఇవ్వవద్దని ఈ రోజే చెప్పండి. అతడి వల్ల మీకు వేరే సహాయం ఉంది, అది తరువాత చెబుతాను.

ఇక బెంగళూరు బండి. మీరు ఫొటోల్లో చూసి మురిసిపోయిన మూడు విషయాలూ, అంటే వెండి రంగు, పచ్చ ఫ్రేము, సంఖ్య ఉన్న పలక, డబ్బు పెడితే ఎవరైనా చేయించుకోగలిగినవే. జగదాంబ జంక్షన్ దగ్గర షీల్డుల మీద పేర్లు చెక్కే దుకాణంలో అలాంటి పలక ఒక పూటలో తయారవుతుంది. లిమిటెడ్ ఎడిషన్ బండ్ల విషయంలో మనవాళ్లు మొట్టమొదట పలకనే చూస్తారు, అమ్మేవారు కూడా ముందుగా దాని ఫొటోనే పంపుతారు. నేనైతే దాన్ని చిట్టచివర చూస్తాను. ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పాలి: మన దేశంలో ఇలాంటి బండి విషయంలో "అసలైనదేనా" అనే ప్రశ్న రెండు ప్రశ్నలు. ఇటలీలోని డుకాటి వారి బొలోన్యా ఫ్యాక్టరీలో పాల్ స్మార్ట్‌గానే పుట్టిందా అన్నది ఒకటి, మన దేశంలోకి సుంకం కట్టి సక్రమంగా వచ్చిందా అన్నది రెండోది. మొదటిది మాత్రమే నిజమైతే మీరు కొనేది రోడ్డెక్కలేని బొమ్మ. అందుకే కాగితాలతో మొదలుపెట్టండి, బండి దగ్గరకు తరువాత వెళ్లవచ్చు.

ఆర్‌సీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. దానిలో రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి: తయారైన నెల, సంవత్సరం ఒకటి, మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ ఒకటి. 2006లో మన దేశంలో డుకాటి షోరూములు లేవు కనుక ఈ బండి ఎవరో వ్యక్తిగతంగా తెప్పించుకున్నదే అయి ఉండాలి. కొత్తగా తెచ్చుకున్నా, మూడేళ్లలోపు వాడినదాన్ని తెచ్చుకున్నా, మొదటి రిజిస్ట్రేషన్ 2006కూ 2009కీ మధ్య, మహా అయితే 2010లో జరిగి ఉండాలి. తయారీ 2006 అని, మొదటి రిజిస్ట్రేషన్ ఏ 2015లోనో జరిగిందని ఉంటే అక్కడ ఏదో తిరకాసు ఉన్నట్టే. ఇలాంటివి సాధారణంగా రెండు రకాలుగా జరుగుతాయి. విదేశీ పర్యాటకులు కార్నే అనే పత్రం మీద సుంకం కట్టకుండా తాత్కాలికంగా తెచ్చి, గడువులోపల తిరిగి తీసుకుపోవలసిన బండ్లను ఇక్కడే వదిలించుకోవడం ఒక పద్ధతి. పాడైపోయిన మరో డుకాటి ఆర్‌సీని పట్టుకొచ్చి, దాని ఛాసిస్ నంబరును ఈ బండి మీద కొట్టించడం రెండోది. రెండూ నేరాలే. తెలియక కొన్నానని చెప్పినా బండి మీ చేతిలో నిలవదు.

వ్యక్తిగత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుందని మీకు తెలిసిందే. ఈ బండికి అది 2021కీ 2025కీ మధ్య ముగిసి ఉండాలి. దాన్ని రెన్యువల్ చేయించారా అని అడగండి. చేయించి ఉంటే మంచి గుర్తు, ఎందుకంటే రెన్యువల్ సమయంలో ఇన్‌స్పెక్టర్ బండిని ఎదుట పెట్టుకుని నంబర్లు సరిచూస్తారు. చేయించకపోతే ఆ పని అమ్మకందారు చేతనే, ఆయన ఖర్చు మీదే చేయించండి. కొన్నాక మనమే చూసుకోవచ్చునని మధ్యవర్తి అంటే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు అసలు పత్రం. "మిగిలిన కాగితాలు పాత యజమాని దగ్గర ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది కలిగించింది. ఆ మిగిలిన కాగితాల్లో బిల్ ఆఫ్ ఎంట్రీ ఉంటుంది. దిగుమతి అయిన ప్రతి వాహనానికీ కస్టమ్స్ వారి దగ్గర దాఖలయ్యే పత్రం అది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, వాహనం కొత్తదా వాడినదా, ఎంత విలువ కట్టారు, ఎంత సుంకం చెల్లించారు, ఏ రేవులో ఏ తేదీన దిగింది అన్నీ ఆ పత్రంలోనూ దాని జతపత్రాల్లోనూ దొరుకుతాయి. మొదటి రిజిస్ట్రేషన్‌కు అది లేనిదే కుదరదు కనుక దాని నకలు బెంగళూరు ఆర్టీఓ ఫైల్లో ఉండాలి. అమ్మకందారు దగ్గర లేకపోతే ఆ ఫైల్ నుంచి ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టమనండి. యజమానిగా ఆయనకు అది అసాధ్యమైన పని కాదు. పత్రం చేతికి వచ్చాక దాని నంబరు, తేదీ, రేవు వివరాలతో కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో వెతికి చూడవచ్చు. మరీ పాతవి ఆన్‌లైన్‌లో కనిపించకపోతే కస్టమ్స్ వ్యవహారాలు చూసే ఏజెంట్ల ద్వారా వాకబు చేయించండి. పోర్టు ఉన్న ఊళ్లో అలాంటివారికి కొదవ లేదు. బదిలీ నివాసం కింద, అంటే విదేశాల నుంచి స్థిరపడటానికి తిరిగి వచ్చినవారి సామానుతో వచ్చిన బండి అయితే కొంతకాలం అమ్మకూడదన్న షరతు దాని మీద రాసి ఉంటుంది. ఆ గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది కాబట్టి దానికి భయపడనక్కరలేదు, పైగా బండి పుట్టుపూర్వోత్తరాలు అంత శుభ్రంగా దొరకడం అదృష్టం.

ఈ కాగితాలు సరిపోతేనే బెంగళూరు రైలెక్కండి. బండి ఎదుట నిలబడినప్పుడు ఏం చూడాలో తెలియాలంటే అది ఎందుకు తయారైందో కొంచెం తెలిసి ఉండాలి. 1972 ఏప్రిల్ 23న ఇమోలాలో జరిగిన 200 మైళ్ల పందెంలో ఇంగ్లండుకు చెందిన పాల్ స్మార్ట్ డుకాటి 750 మీద గెలిచాడు, అదే కంపెనీ బండి మీద బ్రూనో స్పజ్జారి రెండో స్థానంలో వచ్చాడు. ఆ పందేనికి పిలుపు వచ్చినప్పుడు స్మార్ట్ అమెరికాలో ఉంటే ఆయన భార్య మ్యాగీ ఆయన తరఫున సరేనని చెప్పేసిందట. ఇంటి పెత్తనం ఎవరిదో ఆ ఇంటివాళ్లకే తెలియాలి గాని, డుకాటి చరిత్ర మలుపు తిరిగింది మాత్రం ఆ మాటతోనే. ఫాబియో తాల్యోని రూపొందించిన ఆ పందెపు బండికి రోడ్డు రూపంగా 1974లో వచ్చిన 750 సూపర్ స్పోర్ట్‌కు వెండి రంగు, సముద్రపు పచ్చ ఫ్రేము ఉండేవి. సుమారు 400 మాత్రమే తయారైన ఆ మోడల్‌కు ఈ రోజు ప్రపంచమంతటా నకళ్లు తిరుగుతున్నాయి. పియెర్ తెర్‌బ్లాంష్ గీసిన స్పోర్ట్‌క్లాసిక్ వరుసలో, ఆ రంగులనే మళ్లీ పూసి, 2006లో రెండు వేల బండ్లకు పరిమితం చేసి విడుదల చేసినదే మీరు కోరుకుంటున్న పాల్ స్మార్ట్ 1000 ఎల్‌ఈ.

ఆ వరుసలో దానికి తోబుట్టువులు ఉన్నారు, చిక్కంతా వాళ్లతోనే. స్పోర్ట్ 1000, జీటీ 1000, తరువాత సగం ఫెయిరింగ్‌తో, అంటే ముందు భాగాన్ని కప్పే తొడుగుతో వచ్చిన స్పోర్ట్ 1000 ఎస్, వీటన్నిటికీ ఇదే 992 సీసీ గాలి చల్లబరిచే ఇంజిన్. స్పోర్ట్ 1000 ఎస్‌కు వెండి రంగు వేసి, ఫ్రేము పచ్చగా మార్చి, వెనుక సీటు తీసేస్తే దూరం నుంచి చూసినవాళ్లు మోసపోతారు. ఆ మధ్య ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుని బంధువు తెప్పించుకున్న బండిని చూడమని నన్ను పిలిచారు. ఎండలో తళతళలాడుతూ చాలా ముచ్చటగా ఉంది. నేను దాని వెనుకకు వెళ్లి వంగి చూశాను: చక్రానికి అటొకటి ఇటొకటి రెండు షాక్ అబ్జార్బర్లు. అసలైన పాల్ స్మార్ట్‌కు వెనుక ఒక్కటే ఉంటుంది, అదీ ఎడమ పక్కకు. సైలెన్సర్లు రెండూ కుడి పక్కనే ఒకదాని మీద ఒకటిగా ఉంటాయి. ఇక ఆ బండి ఫెయిరింగ్ లోపలి అంచున, స్ప్రే అందని మూలలో, పాత ఎరుపు రంగు సన్నని గీతలా మిగిలి ఉంది. ఆ పెద్దమనిషికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు గాని చెప్పక తప్పలేదు.

అది తేలికగా దొరికిపోయే వేషం. కాస్త గట్టి పనివాడు 2006 నాటి ఒంటి సీటు స్పోర్ట్ 1000ను ఎంచుకుంటాడు, ఎందుకంటే దానికీ ఎడమ పక్క ఒకటే షాక్, కుడి పక్కనే రెండు సైలెన్సర్లు. అప్పుడు మీరు చూడవలసింది ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే జంట గొట్టాలు. పాల్ స్మార్ట్‌కు ముందూ వెనుకా స్వీడన్‌కు చెందిన ఓలిన్స్ సస్పెన్షన్ వేశారు. ముందు ఫోర్కులు తలకిందులుగా బిగించిన 43 మిల్లీమీటర్లవి, అన్ని రకాలుగా సర్దుబాటు చేసుకోదగినవి. స్పోర్ట్ 1000 ఫోర్కులు మార్జోక్కి వారివి, వాటికి ఆ సర్దుబాట్లు లేవు. ఫోర్కుల తలల మీదా అడుగునా తిప్పే స్క్రూలు ఉన్నాయో లేదో చూడండి. స్టిక్కర్‌ను నమ్మవద్దు, స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు. ఓలిన్స్ ఫోర్కులు కూడా విడిగా కొని బిగించవచ్చు గదా అని మీరు అడగవచ్చు. బిగించవచ్చు, అందుకే చివరి తీర్పు ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరుదే.

హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, స్టీరింగ్ మెడ దగ్గర టార్చి వేసి చూడండి. నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. డుకాటి అయితే అది జెడ్, డి, ఎం అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు ఏ కంపెనీ ఛాసిస్ నంబరులోనూ వాడరు. కనిపిస్తే అంతటితో ఆపేయవచ్చు. ఎడమ నుంచి పదో స్థానం మోడల్ సంవత్సరానిది, ఈ బండికి అక్కడ 6 ఉండాలి. తరువాత ఆ అక్షరాల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. ఆర్టీఓ ఫారాల మీద అతికించడానికి మన ఏజెంట్లు తీసే ఛాసిస్ ప్రింటే ఇదీను. కంటికి ఒకేలా కనిపించే అంకెలు కాగితం మీద తమ గుట్టు విప్పుతాయి. ఫ్యాక్టరీ కొట్టినవాటికి లోతు, ఎడం, వరుస ఒకేలా ఉంటాయి. సుత్తితో ఒక్కో అంకె కొట్టినవాటిలో ఒకటి వాలుతుంది, ఒకటి లోతుగా దిగుతుంది. పాత నంబరును గ్రైండింగ్ చేసి కొత్తది కొట్టి ఉంటే ఆ చోట గొట్టం గుండ్రదనం తగ్గి చదునుగా తగులుతుంది, బొటనవేలితో తడిమితే చాలు. నంబరు మీద రంగు పొర చుట్టుపక్కల కంటే దళసరిగా ఉంటే కారణం అడగండి. ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ అడుగు పెట్టె మీద విడిగా ఉంటుంది. డుకాటిలో ఫ్రేము, ఇంజిన్ నంబర్లు ఒకటే కానక్కరలేదు కాబట్టి అవి కలవలేదని కంగారు పడవద్దు. అవి రెండూ ఆర్‌సీతోనూ, బిల్ ఆఫ్ ఎంట్రీతోనూ కలవాలి.

మీ అబ్బాయి చేయగల సహాయం ఇక్కడే. మిలాన్‌లో అతడు చూసిన బండి యజమానిని మర్యాదగా అడిగి, దాని మెడ మీది నంబరును దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. చివరి అంకెలు కాగితంతో కప్పుకుంటే ఆయనకూ అభ్యంతరం ఉండకపోవచ్చు. అక్షరాల ఆకారం, మొదటి భాగంలోని మోడల్ సంకేతం మీ పెన్సిల్ అచ్చుతో పోల్చడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు. ఇటలీ పోలీసు శాఖ వారి వెబ్‌సైట్‌లో దొంగిలించిన వాహనాలను ఫ్రేము నంబరుతో వెతికే సౌకర్యం అందరికీ ఉంది. బెంగళూరు బండి నంబరును అతడి చేత అక్కడ కూడా చూపించండి. మన దేశంలో అదే పనికి జాతీయ నేర నమోదు సంస్థ వారి వాహన్ సమన్వయ్ ఉంది. చివరిగా, డుకాటి అధీకృత సర్వీసు కేంద్రానికి బండిని తీసుకువెళ్లి పరీక్ష చేయించడానికి అమ్మకందారు ఒప్పుకోవాలి. బెంగళూరులోనే అది ఉంది కనుక దూరాభారం అన్న సాకు చెల్లదు. ఛాసిస్ నంబరును కంపెనీ రికార్డులతో సరిచూడటం వారికే సాధ్యం. ఫలితాన్ని బిల్లు మీద రాయించుకోండి. ఆ కాలపు డుకాటిలతో తాళాల సంకేతం ఉన్న కోడ్ కార్డు కూడా ఇచ్చేవారు. అది ఉంటే మంచిది, లేకపోతే ధర తగ్గించి అడగండి గాని దానికోసం బండిని వదులుకోనక్కరలేదు.

బండి అసలైనదే అని తేలాక దాని ఆరోగ్యం. స్పోర్ట్‌క్లాసిక్ బండ్ల పెట్రోలు ట్యాంకు ప్లాస్టిక్‌ది, ఇథనాల్ కలిసిన పెట్రోలు తాగితే అది ఉబ్బుతుంది. మనకిప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. సీటుకూ ట్యాంకుకూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉందో లేదో, ట్యాంకు దించి మళ్లీ బిగిస్తే బోల్టులు తమ రంధ్రాల్లో తేలికగా కూర్చుంటున్నాయో లేదో చూడండి. అల్యూమినియం ట్యాంకు మార్పించి ఉంటే అది లోపం కాదు, తెలివైన పనే. పాత ట్యాంకు కూడా ఇవ్వమని మాత్రం అడగండి. ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టులను ఆ కాలపు ఇంజిన్లకు రెండేళ్లకోసారి మార్చాలి, బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే. మార్చిన బిల్లు చూపించకపోతే స్టార్ట్ చేసి చూపించమని కూడా అడగవద్దు, బెల్టు తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి ఇంజిన్ ఖర్చు మీద పడుతుంది. బెంగళూరు పొడి గాలిలో పెరిగిన బండికి మన ఊరి ఉప్పు గాలి కొత్త. ఇక్కడికి వచ్చాక చువ్వల మొదళ్లు, ఫోర్కుల మెరిసే భాగం, వైర్ల కనెక్టర్లు ముందుగా పాడవుతాయి. బీచ్ రోడ్డు మీద ఆదివారం తిప్పిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమట పట్టి తుప్పు త్వరగా వస్తుంది, గాలి ఆడే గుడ్డ కవరు వాడండి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు చూడకుండా ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వకండి. చూశాక కొంత సొమ్ము బ్యాంకు ద్వారా, ఆర్‌సీలో పేరున్న వ్యక్తి ఖాతాకే పంపండి; మధ్యవర్తి ఖాతాకు వద్దు. అప్పు తాకట్టు ఉంటే అది తీరినట్టు ఫారం 35, మన రాష్ట్రానికి తెచ్చుకోవడానికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్పుకు 29, 30 ఫారాలు అమ్మకందారు సంతకాలతో అందిన రోజునే మిగిలిన మొత్తం చెల్లించాలి. ఇక్కడికి వచ్చాక మాధవధారలోని రవాణా కార్యాలయంలో లైఫ్ ట్యాక్స్ కట్టి ఏపీ నంబరు తీసుకోవాలి. బండి విలువను బట్టి అది చిన్న మొత్తం కాదు, 18 లక్షల లెక్కలో మీరు దాన్ని కలిపినట్టు నాకు కనిపించలేదు. ఎంత పడుతుందో ఆ కార్యాలయంలో ముందే అడిగి, ధర మాట్లాడేటప్పుడు ఆ అంకె చేతిలో పెట్టుకోండి.

మధ్యవర్తికి ఈ వారమే ఒక సందేశం పంపండి: ఆర్‌సీ రెండు వైపులా ఫొటో, బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు, స్టీరింగ్ మెడ మీది నంబరు దగ్గరగా తీసిన ఫొటో. ఈ మూడూ వస్తే నాకు మళ్లీ రాయండి, కలిసి చూద్దాం. వాటికి బదులు "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, త్వరపడండి" అన్న జవాబు వస్తే ఆ ఇద్దరినే కొనుక్కోనివ్వండి.